ఇసుక మూటలు విప్పే ముందు

అమ్మలూ,

జైసల్మేర్ ఇసుక మూటలు చెన్నై గిండీకి చేరాయని, రేణువుల సైజు కొలవడానికి రేపే జల్లెడ పట్టేస్తానని నిన్న ఫోన్‌లో అన్నావు. అప్పటినుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది, అందుకే రాత్రి కూర్చుని రాస్తున్నాను. రేపు జల్లెడ ముట్టుకోకు. ముందు ఆ మూటల సంగతి చూడు.

బియ్యం బస్తా ఊరి నుంచి లారీలో వచ్చాక నూకలు, తవుడు ఎక్కడుంటాయి? అడుగున. ఇసుకా అంతే. రైల్లో అన్ని గంటలు కుదుపులు తిన్నాక సన్న రేణువులు సందుల్లోంచి కిందికి జారిపోతాయి, ముతకవి పైకి తేలతాయి. పైనుంచి ఓ గరిటెడు తీసుకుని కొలిస్తే అది ఎడారి కాదు, మూట పైభాగం మాత్రమే. నేను కొత్తలో సరిగ్గా ఇదే చేశాను, రెండు నెలల కొలతలు మొత్తం పారేయాల్సి వచ్చింది. అందుకని మూట మొత్తం శుభ్రమైన షీటు మీద కుప్పపోసి, చదును చేసి, నాలుగు భాగాలు చెయ్యి. ఎదురెదురు భాగాలు రెండూ కలిపి మళ్ళీ కుప్ప, మళ్ళీ నాలుగు, వంద గ్రాములు మిగిలేదాకా. విసుగ్గా ఉంటుంది, అయినా చెయ్యి. సేకరించినవాళ్ళని ఇంకొకటి కూడా అడుగు: దిబ్బ మీద గాలి గీసిన అలల్లాంటి గీతలుంటాయి కదా, వాటి శిఖరం మీద తీశారా, పల్లంలో తీశారా? శిఖరం మీద ముతకవి చేరతాయి. ఇది రాసి లేకపోతే తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఆరబెట్టడానికి ఓవెన్‌ని అలవాటుగా 105 డిగ్రీలకు పెట్టకు. ఎడారి మట్టిలో జిప్సం అనే ఖనిజం ఉంటే ఆ వేడికి దానిలోని నీళ్ళే పోతాయి, బంకమట్టి గట్టి ఉండలు కడుతుంది. 40 డిగ్రీలు చాలు, కాకపోతే రెండు రోజులు ఓపిక పట్టు. తీశాక మూతపెట్టు, మన చెన్నై గాలికి మళ్ళీ చెమ్మ పట్టేస్తుంది.

జల్లెడలు నీకు తెలిసినవే: 2 మిల్లీమీటర్ల నుంచి సగం సగం తగ్గుతూ 63 మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). దిబ్బ ఇసుక చాలావరకు 125, 250 మధ్యే పడుతుంది. పదిహేను నిమిషాలు ఊపి, అన్ని జల్లెడల్లోనూ మిగిలింది తూచి కూడితే మొదటి వందకీ దానికీ గ్రాముకి మించి తేడా రాకూడదు, వస్తే మళ్ళీ చెయ్యి. సన్న జల్లెడలో ఇరుక్కున్న రేణువుల్ని పిన్నుతో పొడవకు, కన్ను సాగిపోతే ఆ జల్లెడ ఇక అబద్ధమే చెబుతుంది.

63 కన్నా సన్నవాటికి నీళ్ళు కావాలి, నీళ్ళలో ఎంత సేపట్లో దిగుతాయో చూసి సైజు లెక్కకట్టాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2 మైక్రాన్ల రేణువు నీళ్ళలో 10 సెంటీమీటర్లు దిగడానికి 20 డిగ్రీల దగ్గర దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. 30 డిగ్రీల దగ్గర నీళ్ళు పల్చబడతాయి కాబట్టి ఆరు గంటలే. పట్టికలు చాలావరకు 20 డిగ్రీలకే రాసి ఉంటాయి, ఏసీ ఆపేసిన మన గదికి అవి పనికిరావు. జాడీ పక్కన థర్మామీటర్ పెట్టి, ఆ వేడికి తగ్గట్టు లెక్క వేసుకో.

ఇప్పుడు అసలు విషయం, నిద్ర మానుకుని రాస్తున్నది దీని కోసమే. ఉండల్ని విడగొట్టాలా వద్దా? గాలికి తేలిగ్గా కదిలేవి వంద మైక్రాన్లకు అటూఇటూ ఉన్న రేణువులు. అంతకన్నా బాగా సన్నవి ఒకదానికొకటి అంటుకుని నేలను వదలవు, ఎగిరిపడే ఇసుక వచ్చి గుద్దితేనే దుమ్మై లేస్తాయి. లేచినా చాలావరకు చిన్న చిన్న ఉండలుగానే లేస్తాయి. నువ్వు ఉండల్ని విడగొట్టే హెక్సామెటాఫాస్ఫేట్ మందు పోసి, శబ్ద తరంగాలతో కుదిపే అల్ట్రాసోనిక్‌లో పెట్టి వాటిని చీల్చేస్తే కొలిచేది గాలి ఎన్నడూ మోయని రేణువుల్ని. ఆ మట్టి ఏ ఖనిజాలతో అయిందో తెలియాలంటే విడగొట్టు. ఎంత దూరం ఎగురుతుంది, ఊపిరితిత్తుల్లో ఎంత లోపలికి పోతుంది అన్నది ప్రశ్న అయితే విడగొట్టకు. ఏది అడగాలో నీకు ఇంకా తేలకపోతే సగం అలా, సగం ఇలా చేసి, ఏది ఎలా చేశావో పుస్తకంలో రాసుకో.

గాలిలో దుమ్ముకి సైజు అంటే ఇంకో అర్థం. అక్కడ లెక్క రేణువు ఎంత ఉందని కాదు, నీటి సాంద్రత ఉన్న ఎంత గోళంలా పడుతుందని. క్వార్ట్‌జ్ అనే ఇసుక ఖనిజం నీటికన్నా బరువైనది కాబట్టి 6 మైక్రాన్ల గుండ్రటి క్వార్ట్‌జ్ రేణువు గాలిలో 10 మైక్రాన్లదానిలా ప్రవర్తిస్తుంది. లేజర్ మిషన్ 6 అంటుంది, గాలిలో రేణువు కదిలే తీరును బట్టి వేరుచేసే ఇంపాక్టర్ 10 అంటుంది, రెండూ నిజమే. ఆ రెంటినీ ఒకే గ్రాఫ్ మీద కలిపి గీత గీయకు, దయచేసి. పీఎం 10 అంటే గాలిలో సుమారు 10 మైక్రాన్లలోపు దుమ్ము అంటారు, కానీ అక్కడ గోడేమీ లేదు, కొలిచే పరికరంలోకి 10 మైక్రాన్లవి సగం లోపలికి వెళ్తాయి, సగం ఆగుతాయి, అంతే.

డాబా మీద పెట్టే చవక దుమ్ము సెన్సార్లని ఇక్కడ నమ్మకు. తేమ 75 శాతం దాటితే సముద్రపు ఉప్పు రేణువులు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, సెన్సార్ దాన్ని దుమ్ము పెరిగినట్టు చూపిస్తుంది. గాలిని లాగి దుమ్ము పట్టే ఫిల్టర్ తూచడమే మేలు, తూచే ముందూ తర్వాతా ఫిల్టర్‌ని ఒకే తేమ ఉన్న గదిలో 24 గంటలు ఉంచు.

ఫిల్టర్ మీద పెద్ద రేణువు కనిపిస్తే ఎవరి చెప్పుల మట్టో అని దులిపేయకు. సహారా నుంచి 2,000 కిలోమీటర్లకు పైగా దూరంలో, అట్లాంటిక్ మధ్య పెట్టిన పరికరాల్లో 450 మైక్రాన్ల ఇసుక రేణువులు దొరికాయి. ముందు మైక్రోస్కోప్ కింద పెట్టి చూడు.

ఆదివారం పొద్దున్నే వస్తాను. షీటు, పెద్ద పళ్ళెం, నా పాత జాడీ తెస్తాను, మొదటి మూట ఇద్దరం కలిసి విప్పుదాం. అప్పటిదాకా వాటిని కదపకు.

నీ పెదనాన్న