బూరాకి సైకిళ్ల మీద వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి బంగారుకి, పెదనాన్న ఆశీస్సులు.

మీ ఆఫీసువాళ్లంతా కలిసి వచ్చే శనివారం ఐర్లండ్ నడిమధ్య ఆఫలీ కౌంటీలో ఉన్న లాక్ బూరా పార్కులో సైకిళ్లు తొక్కడానికి వస్తున్నారని మీ పెద్దమ్మ చెప్పింది. సంతోషం. కాకపోతే ఆదివారం కూడా ఖాళీగా ఉంచుకోండి. బూరా ఒక్కటే చూసి డబ్లిన్ వెళ్లిపోతే సగమే చూసినట్టు. మిగతా సగం అదే కౌంటీలోని క్లారా అనే ఊళ్లో ఉంది.

ముందు బూరా సంగతి. ఆఫలీలో సముద్రం ఒడ్డున నిటారుగా నిలిచే మోహర్ కొండల్లాంటివి ఉంటాయనుకుని రావద్దు. నేలంతా చదును, రంగు చూస్తే గోధుమ, పైన బోలెడంత ఆకాశం. మొదటి పావుగంట మీ వాళ్లలో ఎవరో ఒకరు "ఇంతేనా?" అంటారు. అననీ. అక్కడి దారుల్లో కనిపించే చెరువులూ తుప్పలూ చాలావరకు ఈమధ్య పుట్టుకొచ్చినవే. 1946లో ఏర్పడిన బోర్డ్ నా మోనా అనే ప్రభుత్వ సంస్థ ఇక్కడి బాగ్‌ల (నాచు పేరుకున్న చిత్తడి నేలల) నీళ్లు తోడేసి, పీట్‌ని, అంటే ఆ పేరుకున్న నాచు మట్టిని, యంత్రాలతో పొరలు పొరలుగా గీకి, చిన్న రైళ్లలో వేసి కరెంటు తయారీకి పంపింది. గీకగలిగినంతా గీకేశాక మిగిలిన నేలలో నీళ్లు నిలిచాయి, చెట్లు మొలిచాయి, పక్షులు చేరాయి. అప్పుడు దారులు వేశారు. అన్నీ కలిపితే దాదాపు 50 కిలోమీటర్లు. ఆ రైళ్లలోని ఒక పాత ఇంజన్నీ పెట్టెల్నీ తీసుకుని మైకేల్ బుల్ఫిన్ అనే శిల్పి 'స్కై ట్రెయిన్' చేశాడు. శిల్పాల దారిలో ఉంటుంది. ఆ దారి మాత్రం సైకిల్ దిగి నడవండి. తొక్కుకుంటూ పోతే అవన్నీ ఇనప సామానులాగే కనిపిస్తాయి.

మెసోలిథిక్ (మధ్య రాతియుగం) దారి అని ఇంకొకటి ఉంది. అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అయినా వెళ్లండి. పీట్ తీసేశాక అడుగున ఒక పాత సరస్సు గట్టు బయటపడింది. 1977లో అక్కడ తవ్వితే పొయ్యిల బొగ్గు, రాతి గొడ్డళ్లు, కాలిన హేజెల్ కాయల పెంకులు దొరికాయి. దాదాపు తొమ్మిది వేల ఏళ్ల నాటివి. అప్పటిదాకా ఐర్లండ్ నడిబొడ్డున అంత పాతకాలంలో మనుషులే లేరనుకునేవారు.

ఇక తొక్కడం. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి తేలిక అనుకుంటారు. ఇక్కడ ఎత్తు లేదుగానీ గాలి ఉంది. ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, అడ్డం పడే కొండా ఉండదు. అందుకని బయల్దేరేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది. చాలామంది దీన్ని తిరగేసి చేసి, చివరి అయిదు కిలోమీటర్లు ఒకరినొకరు తిట్టుకుంటారు. జీన్స్ వద్దు, తడిస్తే ఇక ఆరదు. గొడుగు అసలే వద్దు, హుడ్ ఉన్న రెయిన్ జాకెట్ చాలు. టల్లమోర్ దాకా రైలు ఉంది, అక్కణ్ణుంచి కారు కావాలి. అద్దె సైకిళ్లు కావాలంటే ముందే ఫోన్ చేసి అడగండి, పదిమంది ఒక్కసారి దిగితే కష్టం.

దారి దిగి గడ్డిలోకి వెళ్లొద్దని ఊరికే అనడం లేదు. పాత డ్రెయిన్లు నాచు కప్పుకుని గట్టినేలలా కనిపిస్తాయి. పైగా బూరా చుట్టుపక్కల నేల మీదే గూడు పెట్టే గ్రే పార్ట్రిడ్జ్ అనే కౌజుజాతి పిట్టలున్నాయి. దేశమంతటా అంతరించిపోతుంటే చివరికి మిగిలినవి ఇక్కడే, వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాలి వెనకా నడుం దగ్గరా చూసుకోండి. మన పశువులకి పట్టే పిడుదుల్లాంటివే ఇక్కడ మనుషులకీ పడతాయి. చిన్న పట్టకారుతో తలతో సహా లాగేయాలి, నలపకూడదు. తర్వాత ఎర్రమచ్చ వెడల్పవుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, లైమ్ వ్యాధి కావచ్చు.

పులిహోర తెచ్చుకోండి, బిర్యానీ తెచ్చుకోండి, కానీ ఆ డిస్పోజబుల్ బార్బెక్యూ ట్రే మాత్రం తేవద్దు. పీట్ అంటేనే పొయ్యిలో వేసే ఇంధనం. ఎండిన బాగ్‌కి నిప్పంటుకుంటే పైన ఆరినట్టే ఉండి లోపల రోజుల తరబడి రగులుతుంది.

ఇప్పుడు క్లారా ఎందుకో చెప్తాను. బూరాలో కనిపించేది బాగ్ పోయాక మిగిలిన నేల. పోకముందు ఎలా ఉండేదో చూడాలంటే క్లారా బాగ్‌కి వెళ్లాలి. దాన్నీ తవ్వడానికి 1980లలో డ్రెయిన్లు కొట్టారు, కానీ ప్రభుత్వం ఆపి, ఆ తర్వాత వాటిని పూడ్చింది. అక్కడ దాదాపు కిలోమీటరు చెక్కబాట ఉంది. బాట అంచున మోకాళ్ల మీద కూర్చుని నాచుని వేలితో నొక్కి చూడు, నీళ్లలో నానబెట్టిన దూదిపరుపులా దిగుతుంది. ఆ స్ఫాగ్నమ్ నాచే బాగ్‌ని కట్టేది. నీళ్లు, ఆమ్లం, గాలి ఆడకపోవడం వల్ల చచ్చిన నాచు కుళ్లదు, పేరుకుంటుంది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. అంటే మీటరు మందానికి వెయ్యేళ్లు. బూరాలో యంత్రాలు తీసేసిన లెక్క అప్పుడు అర్థమవుతుంది. కుళ్లనివ్వని ఆ గుణం వల్లే 2003లో ఆఫలీలో ఇనపయుగం నాటి మనిషి మొండెం చేతులతో, గోళ్లతో సహా దొరికింది. డబ్లిన్‌లో కిల్డేర్ వీధి మ్యూజియంలో ఉంది, టికెట్ లేదు, నువ్వు ఎప్పుడైనా చూడొచ్చు.

క్లారాకి సైకిళ్లు తీసుకెళ్లకండి, చెక్కబాట నడిచేవాళ్లకే. వాన పడ్డాక చెక్క జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. ఎర్రగా, జిగురుచుక్కలతో ఉండే సన్‌డ్యూ మొక్కలు అగ్గిపుల్లంత కూడా ఉండవు. పురుగుల్ని పట్టి తింటాయి, వెతికితేనే దొరుకుతాయి. తొందరపడితే కిలోమీటరు పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, గంటన్నర పెట్టుకోండి.

శనివారం రాత్రి భోజనానికి అందరూ మా ఇంటికే రావాలి. ఎంతమంది వస్తున్నారో, ఎవరు నాన్‌వెజ్ తినరో గురువారంలోగా మీ పెద్దమ్మకి చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న