పెళ్లి నమోదు కాకపోయినా ఫ్లాటును కాపాడుకోవచ్చు

మేమిద్దరు స్త్రీలం విశాఖ ఎంవీపీ కాలనీలో కలిసి ఉంటున్నామని, మతంతో నిమిత్తం లేకుండా పెళ్లి నమోదు చేసే ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చా అని మీరు అడిగారు. ప్రస్తుతానికి ఫలితం ఉండదండీ. స్వలింగ వివాహానికి గుర్తింపు చట్టసభ తేల్చాల్సిన విషయమని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు చెప్పేసింది. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లనూ కొట్టేసింది. విశాఖలో దావా వేసి డబ్బు తగలేసుకోకండి. కలిసి బతకడం నేరం కాదు. ఇంటివాళ్లు ఒకరిని బలవంతంగా నిర్బంధిస్తే అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచాలని కోరే పిటిషను) వేయవచ్చు.

అసలు తొందర ఫ్లాటుది. వీలునామా లేకపోతే అది రక్తసంబంధీకులకే పోతుంది. ఇద్దరూ విడివిడిగా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, ఆస్తి పొందే మనిషి సాక్షి కాకూడదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, అయినా చేయించండి. మీలాంటి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదని 2024 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది. బ్యాంకు గుమాస్తా ‘బంధుత్వం ఏమిటి’ అని నసిగితే ఆ ప్రకటన ప్రతిని చేతిలో పెట్టండి.