సైనికుడైన తాతయ్య జీవితాన్ని పుస్తకంగా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: కరీంనగర్‌లో ఉండే మీ తాతయ్య 1971 యుద్ధంలో పనిచేశారు, పోయిన ఏడాది కన్నుమూశారు. ఆరు నోటు పుస్తకాలు, కొన్ని ఉత్తరాలు మిగిలాయి. సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం వేయాలనుకున్నారు. తీరా చదివితే వాటిలో యుద్ధం గురించి పెద్దగా ఏమీ లేదు, ఇక ఏం రాయాలి అని మీ దిగులు.

ఆ దిగులు నాకు తెలుసు. మా బాపు, అంటే మా నాన్న, పోయాక నేను ఆరు నెలలు అందులోనే ఉన్నాను. అందుకే నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకు పనికివచ్చింది తీసుకోండి.

మా బాపు 1944లో వర్ధన్నపేట దగ్గరి పల్లెలో పుట్టాడు. చైనాతో యుద్ధం తరువాత సైన్యాన్ని పెంచుతున్న రోజులవి. 1963లో, పందొమ్మిదేళ్ల వయసులో, హైదరాబాదు గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో, అంటే ఫిరంగి దళం శిక్షణ కేంద్రంలో, చేరాడు. గన్నర్‌గా వెళ్లినవాడు 1981లో హవల్దార్‌గా ఇంటికి వచ్చాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా హనుమకొండలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో కాపలా ఉన్నాడు. 2018లో పోయాడు. ఆయన వెనుక మిగిలినవి ఒక నల్ల ట్రంకు పెట్టె, మూడు పతకాలు, తొమ్మిది నోటు పుస్తకాలు, అమ్మ ఇనుప తీగకు గుచ్చి దాచిన ఉత్తరాలు.

మొదట నేనూ యుద్ధం కోసమే వెతికాను. తొమ్మిది పుస్తకాల్లో కలిపి అది నాలుగు పేజీలు. ఫిరంగి చల్లారకముందే మళ్లీ నింపాల్సి వచ్చేదని, చెవుల్లో దూది పెట్టుకున్నా కుడి చెవి ఆ పదిహేను రోజుల్లోనే పోయిందని, మదురై వైపు నుంచి వచ్చిన తోటి గన్నర్ పక్కనే పడిపోయాడని. అంతే. మిగిలిందంతా జమాఖర్చు, వానలు, చెరువు ఎప్పుడు మత్తడి దూకింది, ఎవరి బోరు ఎన్ని అడుగులకు పడింది, ఎవరికి పింఛను దరఖాస్తు రాసిపెట్టాడు అన్న లెక్కలు. ఇవేం రాతలు అని కోపం వచ్చింది నాకు. ఆయన మీదనే వచ్చింది.

ఆ చెవి సంగతి మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బాపుకు ఎడమ వైపు కూర్చునే మాట్లాడాలి. మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడేవాళ్లమే, ఇప్పటికీ అంతే. కానీ ఆ చెవి ఎక్కడ పోయిందని ఎవరమూ కూర్చుని అడగలేదు. ఎనిమిదేళ్లప్పుడు నేను ఒక్కసారి అడిగాను, అదీ తప్పుగా: "బాపూ, నువ్వు ఎంతమందిని చంపావు?" ఆయన ఏమీ అనలేదు. లేచి కొట్టంలోకి వెళ్లి బర్రెకు గడ్డి వేస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. మళ్లీ అడగలేదు నేను. సరిగ్గా అడిగి ఉండవలసిందని ఈనాటికీ బాధ ఉంది.

జమాఖర్చు పుస్తకాలను పక్కన పడేయబోతూ ఒక సంగతి గమనించాను. ప్రతి ఏడూ డిసెంబరులో ఖర్చు వైపు ఒకే పద్దు: "మనియార్డరు, తిరునల్వేలి జిల్లా." 1972లో ఇరవై రూపాయలు. తరువాత ముప్పై, యాభై, చివరికి వంద. ఆ పేజీకి గుండుసూదితో గుచ్చిన చిన్న రసీదు ముక్క, దాని మీద ఎడమ బొటనవేలి ముద్ర. నీలం సిరా కొన్నిచోట్ల మరీ ఎక్కువై అలికిపోయింది. పక్కన పడిపోయిన ఆ మనిషి తల్లి వేలిముద్ర అది. ఇరవై రెండు రసీదులు ఉన్నాయి. 1994లో ఆ పద్దు ఖర్చు వైపు ఉండి, జనవరిలో మళ్లీ జమ వైపు కనిపించింది: "వాపసు వచ్చినది, 100." దాని కిందే ఖర్చు: "బడి పిల్లలకు పలకలు, 100." ఇంకొక్క మాట రాయలేదు.

అమ్మను అడిగితే, "నాకు తెలుసు బిడ్డా, ఎవరికీ చెప్పొద్దన్నాడు" అంది.

ఆ రోజు నుంచి నేను యుద్ధం కోసం వెతకడం మానేశాను. తొమ్మిది పుస్తకాలూ మొదటి పద్దు నుంచి వరుసగా చదివాను. మీ తాతయ్య ఆరు పుస్తకాలనూ అలాగే చదవమని నా మనవి. మనకు ఉప్పు, పప్పు లెక్కలుగా కనిపించేవాటిలోనే ఆ తరం మనుషులు తమ మనసు రాసుకున్నారు. అలంకారంగా రాయడం వాళ్లకు చేతకాక కాదు, తమ గురించి గొప్పగా చెప్పుకోవడం వాళ్లకు నచ్చదు.

తేదీలూ ప్రాంతాలూ తేల్చుకోవడానికి మాత్రం కాగితాలు కావాలి. మొదట సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి పుస్తకం చూడండి. చేరిన రోజు, యూనిట్లు, హోదాలు, పతకాలు అన్నీ అందులో ఉంటాయి. పతకాల అంచును భూతద్దంతో చూస్తే సైనిక నంబరు, పేరు చెక్కి కనిపిస్తాయి. పూర్వీ స్టార్ అనే పతకం ఉంటే 1971లో తూర్పు వైపు ఉన్నట్టు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమర వైపు. సంగ్రామ్ మెడల్ ఆ కాలంలో సేవలో ఉన్నవారికి ఇచ్చింది, కాబట్టి దాన్నిబట్టి చోటు తెలియదు. ఉత్తరాల మీద చిరునామా కూడా సాక్ష్యమే: తూర్పున ఉన్న దళాలకు 99 ఏపీఓ (ఏపీఓ అంటే సైన్యం పోస్టాఫీసు), పడమర, ఉత్తర దిక్కుల్లో ఉన్నవారికి 56 ఏపీఓ. డిశ్చార్జి పుస్తకం కనిపించకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, ఆయన పనిచేసిన దళం రికార్డు ఆఫీసుకు ఎలా రాయాలో చెబుతారు. ఫిరంగి దళం వారిది నాసిక్ రోడ్‌లో ఉంది.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. మీ నాయనమ్మగారి పేరు పార్ట్ టూ ఆర్డర్‌లో (సైన్యం కుటుంబ వివరాలు నమోదు చేసే కాగితం) ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. మా అమ్మ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నందుకు కుటుంబ పింఛను పద్నాలుగు నెలలు ఆగింది. ముసలి మనిషిని ఎన్ని మెట్లు ఎక్కించారో తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

మళ్లీ బాపు దగ్గరికి వస్తాను. యుద్ధం డిసెంబరు 16న ముగిసిందని అందరం చదువుకున్నాం, ఢాకాలో సంతకాలు జరిగింది ఆ రోజే. బాపు పుస్తకంలో మాత్రం "17న ముగిసినది" అని ఉంది. నేను పొరపాటనుకుని దిద్దబోయాను. తరువాత తెలిసింది, ఆయన ఉన్నది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ వైపు. 7వ తేదీన జెస్సోర్ చేతికి వచ్చాక అక్కడి దళాలు ఖుల్నా మీదికి వెళ్లాయి. ఖుల్నాలోని పాకిస్తాన్ సేన లొంగిపోయింది 17వ తేదీన. ఢాకాలో సంతకాలు జరిగిన మరునాడు మా బాపుకు యుద్ధం ముగిసింది. మీ తాతయ్య రాతలో ఏదైనా చరిత్ర పుస్తకంతో కలవకపోతే తొందరపడి దిద్దకండి. ముందు ఆయన ఎక్కడ ఉన్నారో చూడండి.

ఇక ఉత్తరాలు. అసలు నేను చెప్పాలనుకున్నది వీటి గురించే.

బాపు పెళ్లి 1968లో అయింది. అమ్మకు అప్పుడు అక్షరం రాదు. మొదటి ఏడాది ఉత్తరాలన్నీ మా తాత పేరు మీదే వచ్చాయి: "మహారాజశ్రీ బాపు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి." వాకిట్లో పదిమంది కూర్చుంటే బడిపంతులు చదివేవాడు. అమ్మ తలుపు వెనుక నిలబడి వినేది. ఆ ఉత్తరాల్లో అమ్మ గురించి ఉండేది చివరన ఒక్క మాట, "ఇంట్లో వారందరినీ అడిగినట్టు చెప్పగలరు" అని. ఆ "అందరి"లో తాను ఉన్నానని అమ్మ అనుకోవాలి.

1969లో రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు బాపు ఒక పలక కొనుక్కొచ్చాడు. రాత్రి వంటింటి పని అయ్యాక కందిలి దగ్గర కూర్చోబెట్టి అ ఆలు దిద్దించాడు. పగలు ఆ పలక గుమ్మిలో వడ్ల మీద ఉండేదట, అత్త చూస్తే ఏమంటుందోనని. బాపు వెళ్లిపోయాక అమ్మ బొగ్గుతో పొయ్యి గోడ మీద రాసుకుంటూ నేర్చుకుంది. ఆమె రాసిన మొదటి ఉత్తరం బాపు డిశ్చార్జి పుస్తకం అట్టలో దొరికింది. మూడే వాక్యాలు: "బర్రె ఈనింది. పెయ్యదూడ. మీరు రండి." రాజస్థాన్ ఎండలోనూ బెంగాల్ తడిలోనూ ఆయనతో తిరిగిన కాగితం అది. మడతల దగ్గర చిల్లులు పడి నాలుగు ముక్కలుగా వేలాడుతోంది.

ఆ తరువాతి నుంచి బాపు ఉత్తరాలు మారిపోయాయి. ఉభయకుశలోపరి పోయింది. ఉన్న ఊరి పేరు రాయకూడదు కాబట్టి మన ఊరితో పోల్చి చెప్పేవాడు. యుద్ధం ముగిశాక, డిసెంబరు చివర్లో రాసిన ఉత్తరం ఇది: "ఇక్కడ ఎటు చూసినా నీళ్లే, మన చెరువు కింది మళ్లు ఊరంతా పరిచినట్టు. ఈత చెట్లు మన కట్ట మీద ఉన్నట్టే ఉన్నాయి. గీసి లొట్లు కడతారు. కల్లుకు అనుకున్నాను, కాదు. రసం కాచి బెల్లం చేస్తారు. ఒక ముసలమ్మ నా చేతిలో ముద్ద పెట్టింది. సగం తిని సగం దాచాను." జెస్సోర్ ప్రాంతపు ఈత బెల్లం పేరు మోసిందని నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. చలికాలంలోనే దాన్ని తీస్తారు. పదిహేను రోజులు ఫిరంగి నింపిన చేతుల్లో ఆ బెల్లం ముద్ద. నాలుగు పేజీల యుద్ధం ఏమీ చెప్పలేదని కోప్పడ్డానే, ఆ ఒక్క వాక్యం దగ్గర కూర్చుని ఏడ్చాను.

ఉత్తరాలను ఎలా భద్రపరచాలో కూడా అడిగారు. లామినేషన్ చేయించవద్దు, సెల్లో టేపు అంటించవద్దు, రెండూ కాగితాన్ని చంపేస్తాయి. ఇన్‌లాండ్ కాగితం పలచన, వెనుక రాత ముందుకు కనిపిస్తుంది. వెనుక నల్ల కాగితం పెట్టి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో ఫోటో తీస్తే అక్షరం తేటగా వస్తుంది. టైపు చేయించేటప్పుడు పక్కనే ఉండండి. మేము వెళ్లిన డీటీపీ కుర్రాడు మంచివాడే, కానీ బాపు రాసిన "సద్ది"ని "చద్దన్నం" చేశాడు, "మక్క గట్క"ను "మొక్కజొన్న జావ" చేశాడు. అన్నీ తిరిగి మార్పించాను. బాపు తిన్నది మక్క గట్క, పుస్తకంలోనూ అదే ఉండాలి. నూరు కాపీలు వేశాం. ఒకటి తిరునల్వేలి చిరునామాకు కూడా పంపాను. ఎవరైనా అందుకున్నారో లేదో, వెనక్కి మాత్రం రాలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. తీగకు గుచ్చిన ఉత్తరాలు కదా, ప్రతి కాగితం నడుమ ఒక రంధ్రం. తుప్పు పట్టి అది వేలి గోరంత అయింది. ప్రతి ఉత్తరంలో ఒకటి రెండు మాటలు అందులో పోయాయి. బెల్లం ఉత్తరంలో అది చివరి వరుసల మీద పడింది: "నీకు ఒక", తరువాత రంధ్రం, తరువాత "బాకీ ఉన్నాను." నేను చీర అనుకున్నాను. నా తమ్ముడు గాజులు అన్నాడు. రెండు రోజులు వాదించుకుని చివరికి అమ్మ దగ్గరికి పట్టుకెళ్లాం.

అమ్మ కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. "ఉత్తరం" అంది. "నీకు ఒక ఉత్తరం బాకీ ఉన్నాను అని రాశాడు. ఆ నెలలో రావలసింది రాలేదు. ఊరంతా పంచాయతీ రేడియో దగ్గర ఉండేది, నేను పోస్టు డబ్బా వైపు చూస్తూ ఉండేదాన్ని."

మిగిలిన ఉత్తరాలు కూడా ఒక్కొక్కటే తెచ్చి ఆమె ముందు పెట్టాను. యాభై ఏళ్ల నాటి మాటలు, దాదాపు అన్ని రంధ్రాలూ నింపింది. పుస్తకంలో ఆ మాటలు వచ్చిన ప్రతిచోటా కింద గీత గీసి, "ఇది అమ్మ చెప్పింది" అని వేయించాను.

మీ నాయనమ్మగారికి ఎనభై దాటాయని, ఇంకా అన్నీ గుర్తున్నాయని రాశారు. టైపింగు, ముద్రణ తరువాత చూసుకోవచ్చు. ఈ ఆదివారమే ఆ ఉత్తరాలు తీసుకుని వెళ్లి ఆవిడ పక్కన కూర్చోండి. ఫోనులో రికార్డింగు పెట్టి, మొదటి ఉత్తరం మీరు పైకి చదవండి.