ముత్తాతగారి మాటలు ఎవరు విన్నారు? – ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి అందింది, మొత్తం చదివాను. చీరాల–పేరాల ఉద్యమంలో ఊరు విడిచి, పొలిమేర అవతల గుడిసెలతో వెలసిన రామనగరుకు తరలిపోయిన నేత కుటుంబాల్లో మీ ముత్తాతగారిది ఒకటి కావడమూ, ఆ సంగతి పుస్తకంగా రాయాలని ఇన్నేళ్ల తరువాత నీకు తోచడమూ నాకు సంతోషం కలిగించాయి. నీ వాక్యం శుభ్రంగా ఉంది. అయితే ఈ ఉత్తరం నా చేత రాయించింది మూడో అధ్యాయం.

ఆ అధ్యాయంలో మీ ముత్తాతగారు తాటాకు పాక ముందు వెన్నెల్లో కూర్చుని, దేశాన్ని గురించీ త్యాగాన్ని గురించీ భార్యతో పేజీన్నర మాట్లాడతారు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. 1921లో ఒక రాత్రి ఆ పాక ముందు జరిగిన ఆ సంభాషణను ఎవరు విన్నారమ్మా? ఆయనను నువ్వు చూడలేదు, మీ నాన్నగారూ చూడలేదు. నీకు ఈ కథ చెప్పిన మీ నాయనమ్మగారు కూడా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన తరువాత తన అత్తగారి నోట విన్నదే తప్ప కళ్లారా చూసినది కాదు. ఈ మాట రాతప్రతిలో ఎక్కడా లేదు, దానికి జతచేసిన ఉత్తరంలో ఉంది. ఆ ఉత్తరంలోనే మీ నాయనమ్మగారి వాక్యం ఒకటి ఉన్నదున్నట్టు రాశావు: "వానొస్తే మగ్గం గుంట నిండా నీళ్లేనంట, చెంబులతో తోడి పోసేవోళ్లంట, మా అత్తగారు చెప్పేది." ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేసేవాడు కాళ్లు దింపుకుని కూర్చునే గుంటలో నీళ్లు నిలిస్తే ఆ పూట నేత లేదు, నేత లేకపోతే ఆ ఇంట్లో కూలి డబ్బు లేదు. పన్నులు కట్టలేక, మునిసిపాలిటీ వద్దని, ఊరి పొలిమేర దాటి పదకొండు నెలలు గుడిసెల్లో బతికిన మనుషులు ఏమి పోగొట్టుకున్నారో ఆ ఒక్క మాట చెబుతున్నది. అటువంటి దాన్ని ఉత్తరంలో వదిలేసి పుస్తకంలో వెన్నెల పెట్టావు. నాకు కోపం వచ్చిందంటే వచ్చింది.

నీ ప్రశ్నల్లో మొదటిదానికే జవాబు చెబుతాను. అట్ట మీద జీవిత చరిత్ర అని వేయాలా, కుటుంబ చరిత్ర అనా, జ్ఞాపకాలు అనా, లేక చరిత్ర అనే వేయవచ్చా అని అడిగావు. వీటిలో ఏది ఎక్కువ మంది కొంటారో నాకు చెప్పమన్నావు కూడా. ఈ పేర్లు అట్ట కోసం పుట్టినవి కావు. ఒక్కొక్క పేరు వెనుక పాఠకుడికి రచయిత ఇచ్చే హామీ ఒకటి ఉంటుంది. ఆ హామీ ఏమిటో తెలియకుండా పేరు ఎంచుకోవడం కుదరదు.

గ్రంథాలయాల వర్గీకరణ మనకు ఇక్కడ అంతగా అక్కరకు రాదు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో విజ్ఞాన శాస్త్రాలు 500 దగ్గర, ప్రయాణాలు 910 దగ్గర, జీవిత చరిత్రలు 920 దగ్గర ఉంటాయి, వంటల పుస్తకాలు 641.5 దగ్గర దొరుకుతాయి. మన రంగనాథన్ గారు 1933లో ద్విబిందు వర్గీకరణను తెచ్చి, ఒకే పుస్తకంలోని విషయాన్ని అనేక ముఖాలుగా విడదీసి చూసే మార్గం చూపారు. ఇవన్నీ పుస్తకం దేని గురించి అని అడుగుతాయి. పుస్తకం వెతుక్కునే వాళ్లకు ఆ ప్రశ్న చాలు. రాసేవాళ్లు తమను తాము అడగవలసింది మాత్రం, ఈ సంగతి నాకు ఎలా తెలిసింది అని. కల్పన కాని రచనల్లో ప్రక్రియలన్నీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే వేరవుతాయని నేను గట్టిగా నమ్ముతాను. సాహిత్య సభల్లో ఈ మాట అన్నప్పుడల్లా ఇది పోలీసు విచారణలా ఉందని ఆక్షేపించినవారు ఉన్నారు. అయినా నా అభిప్రాయం మారలేదు.

తర్కాన్ని బోధించే మన ప్రాచీన న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు, అంటే తెలుసుకునే మార్గాలు, చెప్పింది. కంటితో చూసి తెలుసుకున్నది ప్రత్యక్షం. కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని గ్రహించడం అనుమానం. నమ్మదగినవారు చెప్పగా తెలిసింది శబ్దం. మన పనికి ఈ మూడూ చాలు. మంచి పుస్తకం ఏదైనా తీసుకుని, ఇందులో ప్రతి వాక్యం వీటిలో దేని మీద నిలబడిందో చూస్తూ చదివితే, ప్రక్రియల సంగతి నిర్వచనాలు బట్టీ పట్టనవసరం లేకుండానే తెలిసిపోతుంది.

ఏనుగుల వీరాస్వామయ్యగారిని చూడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి భాష మరొకరికి అనువదించి చెప్పే ఉద్యోగిగా ఉన్న ఆయన 1830 మే 18న బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆయన మరణించిన తరువాత 1838లో ఆ యాత్రా చరిత్ర అచ్చయింది. ఏ మజిలీలో బస దొరుకుతుంది, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, దారి ఇసకా రాయా అనే సంగతులు ఆయన రోజువారీగా రాసుకున్నారు. అది ప్రత్యక్షం. యాత్రాచరిత్ర రాసేవాడు అక్కడికి తాను వెళ్లానని హామీ ఇస్తాడు. వెళ్లని ఊరిని గురించి ఒక్క పేరా రాసినా ఆ హామీ చెడిపోతుంది. ఆ కాలపు ఊళ్లూ దారులూ ఎలా ఉండేవో తెలుసుకోవడానికి చరిత్రకారులు ఈనాటికీ ఆ పుస్తకం తెరుస్తున్నారంటే కారణం ఇదే.

స్వీయచరిత్రకు ఆధారం జ్ఞాపకం. కందుకూరి వీరేశలింగంగారు తన చరిత్రను 1911లో ఒక భాగంగా, 1915లో మరొక భాగంగా ప్రకటించారు. బాల్యం మొదలు తాను చేపట్టిన పనులూ, ఎదుర్కొన్న వివాదాలూ ఒక క్రమంలో చెప్పుకుంటూ పోవడం ఆ ప్రక్రియ పద్ధతి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు తమ పుస్తకానికి అనుభవాలూ జ్ఞాపకాలూనూ అని పేరు పెట్టుకున్నారు. జ్ఞాపకాలు రాసేవారికి జీవితమంతా చెప్పవలసిన బాధ్యత లేదు, తమకు ముఖ్యమైనవి ఏరుకోవచ్చు, నాకు గుర్తున్నంతవరకు అని ధైర్యంగా అనవచ్చు. స్వీయచరిత్రకారుడు మాత్రం తేదీ దగ్గర పాత ఉత్తరమో డైరీయో తీసి సరిచూసుకోవాలి. ఈ రెండింటిలో ఏదీ నీది కాదు. రామనగరు నీ జ్ఞాపకం కాదు.

ఎన్నడూ చూడని మనిషి జీవితం రాయకూడదా అంటే, తప్పకుండా రాయవచ్చు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి వారు మొట్టమొదట అచ్చువేసినది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. ఆయన లింకనును చూసి రాయలేదు, గ్రంథాలు చదివి రాశారు. జీవిత చరిత్ర సాధారణంగా శబ్దం మీదే ఆధారపడుతుంది, కాబట్టి ఎవరి మాట, ఎంత దగ్గరివారి మాట, వాళ్లకు అలా చెప్పడంలో స్వార్థం ఏమైనా ఉందా అని తూచడమే జీవిత చరిత్రకారుడి అసలు పని. కష్టమైన పని అనుమానంతో రాసే సాంఘిక చరిత్రకారుడిది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వచ్చిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల పట్టాభిషేకాలు పక్కన పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికారు. అందుకు శాసనాలు చాలవు గనుక క్రీడాభిరామం, హంసవింశతి వంటి కావ్యాల్లో పద్యం పద్యం గాలించారు. కవి వర్ణించిన పూటకూళ్ల ఇంటిని బట్టి ఆనాటి పట్టణంలో తిండి ఎలా దొరికేదో ఊహించారు, ఆ ఊహకు ఆధారమైన పద్యం కూడా అక్కడే మన ముందు పెట్టారు. ఒప్పుకోవాలో వద్దో పాఠకుడే తేల్చుకోవచ్చు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. కథలకూ కవిత్వానికీ మాత్రమే సాహిత్యమనే పేరు దక్కుతుందని నీకు ఎవరైనా చెబితే ఈ సంగతి గుర్తు చెయ్యి.

ఇంత పట్టుదల ఎందుకని నీకు అనిపించవచ్చు. నేను పత్రికలకు రాస్తున్న తొలి రోజుల్లో నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడు గ్రామాలు తిరిగి ఒక పెద్ద వ్యాసం రాశాను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం ఉంటే, ఆయా బావుల నీటిలో ఎంత ఉందో పరీక్ష కాగితాలు చూసి రాశాను. వంగిపోయిన నడుముతో మంచం మీదే ఉన్న ఒక పెద్దాయన్ను చూశాను. ఆయన నాతో మాట్లాడింది చాలా తక్కువ, ఆ తక్కువే రాశాను. వ్యాసం అచ్చయి వచ్చేసరికి ఆ పెద్దాయన నోట అరపేజీ శాపనార్థాలు ఉన్నాయి. సంపాదకుడు తన గదిలో కూర్చుని వాటిని కల్పించి చేర్చారు. అడిగితే, పొడిగా ఉంటే ఎవరు చదువుతారు, కాస్త ప్రాణం పోశాను అన్నారు. మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు పెద్దాయన కొడుకు పత్రిక చేత్తో పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "మా నాయిన గట్ల అనలే సారూ, ఆయన ఎవ్వర్నీ తిట్టెటోడు కాదు" అన్నాడు. దాని తరువాత మాట చెబుతాను విను: నీళ్ల పరీక్ష అంకెలు కూడా మీరు అట్లనే రాసిండ్రా అని అడిగాడు. అబద్ధం ఒక్కచోట దొరికితే నిజం మొత్తానికి విలువ పోతుంది. ఆ బావి నీళ్లు తాగేవాళ్లకు ఆ అంకె ఎంత అవసరమో, ఆ సంపాదకుడికి నేను ఎన్ని విధాల చెప్పినా ఎక్కలేదు. ఆయన తరువాత చాలామంది ఆయన దారిలోనే నడిచారు. నవలలా చదివిస్తుంది అనే మాట వెనుక అట్ట మీద లేకుండా ఈరోజు ఒక్క చరిత్ర పుస్తకమూ రావడం లేదు. చరిత్ర చరిత్రలా చదివిస్తే ఏమి తక్కువ?

పుస్తకాల దుకాణాల మీద కూడా నాకు ఇదే ఫిర్యాదు. కథా కవితా కానిదంతా ఒక బీరువాలో పోసి, దాని ముందు వరసంతా వ్యక్తిత్వ వికాసానికి ఇస్తారు. ఆ పుస్తకాల్లో చాలావాటికి మీకెలా తెలుసు అనే ప్రశ్న వేసి చూడు, జవాబు ఉండదు. ఫలానా మహానుభావుడు ఫలానా మాట అన్నాడని ఉంటుంది, ఎప్పుడు, ఎక్కడ అన్నాడో ఉండదు. వంటల పుస్తకం రాసే గృహిణి తాను వండి చూసిన కొలతే రాస్తుంది. ఆమెను నేను వాళ్లకంటే ఎక్కువ గౌరవిస్తాను. వ్యాసం సంగతి వేరు, అది రాసేవారి ఆలోచనను ముందుంచే ప్రక్రియ, అక్కడ తర్కం నిలబడితే చాలు.

ఇక నీ పుస్తకం. నీ దగ్గర మూడు రకాల తెలివిడి ఉంది. నాయనమ్మగారు చెప్పింది ఒకటి, అచ్చు కాగితాల్లో దొరికేది రెండు, నువ్వే చీరాల వెళ్లి చూసేది మూడు. ఇవి కలిసిన రచనను కుటుంబ చరిత్ర అనవచ్చు, ఏది ఎక్కడిదో పాఠకుడికి కనిపించాలన్నదే దాని షరతు. మూడో అధ్యాయం తీసేసి, అక్కడ మీ నాయనమ్మగారిని కూర్చోబెట్టు. ఆవిడ మాటలోని ఆ "అంట"లు ఒక్కటీ దిద్దవద్దు. అది విన్న మాట అని పాఠకుడికి చెప్పేది అదే. ఆవిడకు గుర్తులేని చోట గుర్తులేదనే రాయి. సరిగ్గా ఏ ఇంటిమీద ఎంత పన్ను పడింది, ఎవరెవరు జైలుకు వెళ్లారు అనేవి ఆవిడను అడిగి ఇబ్బంది పెట్టకు, వాటికి కాగితాలు ఉన్నాయి. మీ ఊరి పక్కనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, పాత పత్రికలు అక్కడ చూడు. ఆంధ్రపత్రిక అప్పటికే 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వస్తూ ఉండేది, బందరు నుంచి కృష్ణాపత్రిక వచ్చేది. 1921 ఏప్రిల్ ఆరంభంలో గాంధీగారు చీరాల వచ్చి వెళ్లిన వార్తతో మొదలుపెట్టి, ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి అరెస్టు వరకూ, ఆ తరువాత రామనగరు ఖాళీ అయ్యేవరకూ వరసగా చదువు. ప్రభుత్వం వైపు కాగితాలు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారానికి (ఆర్కైవ్స్‌కు) వెళ్లవలసి రావచ్చు. అక్కడ బాపట్ల జిల్లా అనీ ప్రకాశం జిల్లా అనీ వెతికితే ఏమీ దొరకదు. ఆ రోజుల్లో చీరాల గుంటూరు జిల్లాలోది.

ఊహించాలని నీకు ఉంటే అందుకూ చోటు ఉంది. ఏప్రిల్లో ఊరు కదిలింది, పదకొండు నెలలంటే నైరుతి వానలూ ఈశాన్య వానలూ రెండూ ఆ పాకల మీద పడి ఉండాలి. గంజి పెట్టిన పడుగు ముసురులో ఆరదని నేసేవాళ్లంతా చెబుతారు. మగ్గం గుంటలో నీళ్లు నిలిచాయని నీ ఇంటి మాటే ఉంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే, ఆ ఏడు అక్టోబరు, నవంబరుల్లో మీ ముత్తాతగారి ఇంట్లో నేత చాలా రోజులు ఆగిపోయి ఉండాలని నువ్వు నిర్భయంగా రాయవచ్చు. "ఉండాలి" అనే మాట వదలకుండా రాయి. ఆ ఇల్లు ఆ రోజులు ఎలా గడిపిందో, నూలు అప్పు ఇచ్చినవారు ఎవరో, పేకకు కండెలు చుట్టే ఆడవాళ్లు ఏ పనికి వెళ్లారో ఇంకా నాయనమ్మగారిని అడగలేదని నీ రాతప్రతి చూస్తే తెలుస్తున్నది.

ముందు ఆ పని చెయ్యి. ఆవిడ వయసును దృష్టిలో పెట్టుకుని ఆలస్యం చేయకు. మాట్లాడినప్పుడల్లా తేదీ వేసుకో, ఆ గదిలో ఇంకెవరు ఉన్నారో రాసుకో, పక్కవాళ్లు అందించిన మాటను ఆవిడ మాటతో కలపకు. మూడో అధ్యాయం కొత్తగా రాశాక, దానితోపాటు ఆ నోటు పుస్తకం జిరాక్సు కూడా నాకు పంపు. రెండూ పక్కన పెట్టుకుని చదువుతాను. మీ నాయనమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో.