టెక్ సందేహాలు: గోల్ఫ్ డ్రైవర్ మీద గుర్తులు, భుజం మీద బరువు

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి టేలర్‌మేడ్ కంపెనీ అడ్జస్టబుల్ డ్రైవర్ (బంతిని బాగా దూరం కొట్టే గోల్ఫ్ క్లబ్) పంపాడు. దాని షాఫ్ట్ (కర్ర) కింది చివర ఏవో గుర్తులున్నాయి. నా బంతి ఎప్పుడూ కుడికే పోతోంది. ఏ గుర్తు దగ్గర పెట్టాలి?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

షాఫ్ట్ చివర, క్లబ్ తలలోకి దూరే చోట ఉన్న ఆ గొట్టాన్ని స్లీవ్ అంటారు. అందులో షాఫ్ట్ కాస్త వాలుగా కూర్చుంటుంది కాబట్టి, తిప్పి బిగించినప్పుడల్లా తల కోణం మారుతుంది. టేలర్‌మేడ్ స్లీవ్‌లో లాఫ్ట్ (బంతిని పైకి లేపే వాలు) పెంచితే ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, కూడా కొంచెం ఎడమకు మూసుకుంటుంది. మీరు కుడిచేతి ఆటగాడైతే మీకు కావలసింది అదే. ముందు ఒక్క గుర్తు మాత్రమే పెంచండి. జరిపే బరువులు కూడా ఉంటే వాటిని మడమ వైపుకు, అంటే షాఫ్ట్ ఉన్న వైపుకు తెస్తే కుడికి వంపు తగ్గుతుంది. అయితే రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. ప్రతి మార్పు తర్వాత ప్రాక్టీస్ రేంజ్‌లో ఓ బుట్టెడు బంతులు కొట్టి, వెనక నుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించుకోండి.

బిగించడానికి పెట్టెలో వచ్చిన టార్క్ రెంచే వాడండి. టక్‌మని శబ్దం రాగానే ఆపేయండి. చేతికి దొరికిన మరో కీతో బిగిస్తే మర పాడవుతుంది, లేదా వదులై తల ఊగుతుంది. పోటీలో రౌండ్ మొదలయ్యాక సెట్టింగ్ మార్చి, ఆ క్లబ్‌తో కొడితే అనర్హులవుతారు. ఏ సెట్టింగ్ అయినా సాయం చేస్తుందే తప్ప స్వింగ్‌ను సరిచేయదు. కోచ్ దగ్గర ఒక గంట గడిపితే మీకు ఇంకా ఎక్కువ లాభం.

ప్రశ్న: ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ వెళ్లి ఆడతాను. బ్యాగ్ మోసి నడుము పట్టేస్తోంది. లాఫ్ట్ మార్చుకుంటూ అన్నిటికీ వాడుకునే ఒక్క క్లబ్ కొననా?
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

సరదా ఆటకైతే కొనండి, తేలిగ్గా ఉంటుంది. పోటీల్లో మాత్రం పనికిరాదు. షాట్ షాట్‌కీ లాఫ్ట్ మార్చడమంటే పైన చెప్పిన నిబంధనను దాటడమే.

నేనైతే ఉన్న క్లబ్బుల్నే తగ్గించుకోమంటాను. 14 క్లబ్బులు అనేది గరిష్ఠ పరిమితి, అన్నీ మోయాలన్న నియమం లేదు. ఒక్కో క్లబ్ సుమారు 300 నుంచి 550 గ్రాములు ఉంటుంది. డ్రైవర్, హైబ్రిడ్, 6, 8 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పుట్టర్... ఈ ఏడు చాలు, క్లబ్బుల బరువు సగానికి సగం పోతుంది. వీటికి పెద్ద బ్యాగ్ అక్కర్లేదు, సన్నటి పెన్సిల్ బ్యాగ్ సరిపోతుంది. రెండు భుజాలకూ తగిలించుకునే పట్టీలున్నది చూడండి, ఒక పక్కకే భారం పడదు. ట్రాలీ మైదానంలో సుఖమే గానీ రైలు మెట్ల దగ్గర టెన్షన్. బ్యాగ్ జేబులూ వెతకండి: ఇరవై పాత బంతులుంటే దాదాపు కిలో, లీటరు నీళ్లు ఇంకో కిలో. సీసా ఖాళీగా తీసుకెళ్లి అక్కడ నింపుకోండి.

ప్రశ్న: గోల్ఫ్ పోటీలో ఫోన్ యాప్‌తో గుంత దాకా దూరం చూసుకోవచ్చా?
– విద్యార్థిని, బొబ్బిలి

చూసుకోవచ్చు. 2019 నుంచి నిబంధనలే ఒప్పుకున్నాయి, నిర్వాహకులు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. ఎత్తుపల్లాలు లెక్కించే స్లోప్ ఫీచర్‌ను మాత్రం ముందే ఆఫ్ చేయండి.