పొందూరు ముందు, ఉప్పాడ తర్వాత

ప్రశ్న: మా అమ్మ టీచరుగా రిటైరైంది. క్రోషా అల్లుతుంది, ఈమధ్య చిన్న చెక్క ఫ్రేము మీద నేయడం కూడా మొదలుపెట్టింది. మగ్గాలున్న ఊళ్లన్నీ కారులో తిప్పమంటోంది. నాకు మూడు రోజులు సెలవుంది. పొందూరు, ఉప్పాడ, ఒడిశాలోని కోట్‌పాడ్ మూడూ కుదురుతాయా? చీరల షాపంటేనే విసుక్కునే నాన్నగారు కూడా వస్తున్నారు, అదొక టెన్షన్.
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: కుదరవండీ. బలవంతాన కుదిర్చినా మీ అమ్మగారు చూసేది హైవేనే, మగ్గాన్ని కాదు. కోట్‌పాడ్ ఈసారికి వదిలేయండి. పొందూరుకి ఒక రోజు, మధ్యలో ఇంట్లో విశ్రాంతి, తర్వాత ఉప్పాడ. వరస మాత్రం మార్చకండి. నూలు ఎలా పుడుతుందో చూశాక నేత చూస్తే కంటికి ఆనేవి వేరు.

పొందూరుకి పొద్దున్నే బయల్దేరండి. రణస్థలం దాటాక చిలకపాలెం దగ్గర హైవే వదిలి ఎడమకు తిరగాలి. చాలామంది అక్కడ ఖద్దరు కొట్టుకెళ్లి ఒక పంచె కొనుక్కుని వెనక్కొచ్చేస్తారు. మీరు ముందు నూలు వడికే ఇంటికి వెళ్లండి. ఖాదీ సంఘం వాళ్లకు ముందురోజే ఫోన్ చేసి అడిగితే మంచిది.

అమ్మగారిని కూర్చోబెట్టి చూపించాల్సింది వాలుగ చేప దవడ. దాని సన్నని పళ్లతో, గింజ ఇంకా తీయని కొండపత్తిని కొంచెం కొంచెంగా దువ్వుతారు. నలక రాలిపోతుంది, పోగులు ఒక వైపుకి తిరుగుతాయి. తర్వాత చిన్న పీట మీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, వింటితో ఏకుతారు. ఏకులు, అంటే వడకడానికి చుట్టుకున్న దూది వత్తులు, మాయకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఆ దవడను ఒకసారి చేతిలోకి ఇమ్మని అడగండి. వేలు ఎదురు రాస్తే చాలు, ఇనప దువ్వెన ఎందుకు పెట్టుకోలేదో తెలుస్తుంది.

ఇక నాన్నగారికి ఒక లెక్క. 100 కౌంటు నూలంటే ఒక పౌను దూదిలోంచి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) వంద రావాలి. అంటే 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్లు. అరకిలో కూడా లేని దూది మీ ఇంటి దగ్గర్నుంచి విజయనగరం దాటిపోతుందన్నమాట, అదీ ఒక్క కదురున్న రాట్నం మీద, ఒక మనిషి చేత్తో. ధర చూసి బేరానికి దిగబోయేటప్పుడు ఈ లెక్క గుర్తుచేయండి. వడికేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లే. వచ్చే కూలి చూసి కోడళ్లు ఆ రాట్నం ముట్టుకోవడం లేదు, వాళ్లనేమీ అనలేం.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే దారిలో చెరువుల్లో గోగు కట్టలు నానబెట్టి ఉంటాయి. వాసనకి నాన్నగారు అద్దాలు ఎత్తించేస్తారు. అయినా ఆపండి. కుళ్లిన కాడ నుంచి నార ఒలిచి నీళ్లలో జాడించడం అమ్మగారు చూడాలి.

ఉప్పాడ దారి మీకు తెలిసిందే: అనకాపల్లి, తుని, అన్నవరం, కత్తిపూడి, పిఠాపురం. అన్నవరంలో ప్రసాదం కోసం ఎలాగూ ఆగుతారు. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పేక (అడ్డపోగు) వేసిన ప్రతిసారీ పువ్వు దగ్గర అదనపు పోగును చేత్తో దూర్చి తిప్పుతారు. అందుకే చీర వెనక వేలాడే దారాలుండవు. కొట్లో చీర తిరగేసి చూడండి. వెనక కత్తిరించిన దారాల కొసలు కనబడితే అది జాందానీ కాదు, ఎవరేం చెప్పినా.

మరో మాట. ఖద్దరంటే నూలూ చేత్తోనే, నేతా చేత్తోనే. చేనేత అంటే నేత మాత్రమే చేత్తో, నూలు మిల్లుదైనా కావచ్చు. కొట్లలో ఈ రెండూ కలిపేసి చెబుతుంటారు.

గుంట మగ్గం దగ్గర కిందే కూర్చోవాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే కారులో ఒక ముక్కాలి పీట వేసుకోండి. క్రోషా సంచీ కూడా తీసుకెళ్లమనండి. ఆవిడ అల్లకం బయటకి తీస్తే అటువాళ్లే మాట కలుపుతారు, మీరు ప్రశ్నలు వెతుక్కోనక్కర్లేదు. ఫొటోలు మాత్రం అడిగాకే.

నాన్నగారిని ఉప్పాడలో సముద్రం ఒడ్డున వదిలేయండి, చేపల పడవలుంటాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు మీద ప్లాన్ వేసుకునే ముందు వాతావరణం చూసుకోండి. తుపాను రోజుల్లో కెరటాలు ఆ రోడ్డునే కోసేస్తుంటాయి.

కోట్‌పాడ్‌కి చలికాలంలో, సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్, జయపురం దాటి వెళ్లండి. అక్కడ చూడాల్సింది నేత కన్నా అద్దకం. ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకి ముదురు ఎరుపు ఎక్కిస్తారు. ఆ పని రోజుల తరబడి సాగుతుంది, మీరు వెళ్లిన పూట ఏ దశలో ఉంటే అదే కనబడుతుంది. అందుకని జయపురంలో రెండు రాత్రులకి గది తీసుకోండి.