ఫేలా కూటీ తర్వాత ఎవరిని వినాలి? ఇప్పటి ఆఫ్రోబీట్ బ్యాండ్లు ఎలా దొరుకుతాయి?

నైజీరియా గాయకుడు ఫేలా పాటలు విని వదల్లేకపోతున్నానని, ఇప్పటివాళ్ల కోసం వెతికితే యాప్ అక్కడి పాప్ గాయకులు బర్నా బాయ్‌నీ రెమానీ మాత్రమే చూపిస్తోందని రాశారు. ఆ సంగీతం వాయించేవాళ్లు ఇంకా ఉన్నారా అని అడిగారు. ఉన్నారండీ. నైజీరియాలోని లేగోస్ నుంచి చిలీ దాకా ఉన్నారు. వెతికే పద్ధతి మారిస్తే దొరుకుతారు.

లండన్‌లో ఉద్యోగానికి వెళ్లిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. పెకమ్‌లో గది. ఓ శనివారం ఒక క్లబ్బు ముందు ‘ఆఫ్రోబీట్స్’ అన్న పోస్టర్ చూసి టికెట్ కొన్నాను. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, పదిమంది వాయిద్యగాళ్లు ఉంటారని ఆశపడి వెళ్తే, స్టేజీ మీద ల్యాప్‌టాప్‌తో ఒక డీజే ఉన్నాడు. పాటలు బాగానే ఉన్నాయి కానీ నేను వెళ్లింది వాటి కోసం కాదు. మర్నాడు ఈ సంగతి మా ఇంట్లోనే ఉండే నైజీరియా అతనికి చెప్పాను. వాళ్లది అబెయోకుటా, ఫేలా పుట్టిన ఊరు. “ఆ చివర ‘స్’ చూసుకోలేదా?” అన్నాడు.

తేడా అంతా అక్కడే ఉంది. ‘స్’ లేని ఆఫ్రోబీట్, 1960ల చివర్లో, 70ల్లో లేగోస్‌లో ఫేలా, డ్రమ్మర్ టోనీ అలెన్ కలిసి కట్టింది. హైలైఫ్ అనే పశ్చిమాఫ్రికా డాన్సు సంగీతం, జాజ్, ఫంక్, నైజీరియాలోని యోరుబా జాతి దరువులు అన్నీ అందులో కలిశాయి. పాట పది, పదిహేను నిమిషాలుంటుంది. ‘స్’ ఉన్నది 2000 తర్వాత లేగోస్, ఘనా రాజధాని అక్రా, లండన్‌లలో పెరిగిన పాప్. రెంటికీ చుట్టరికం లేకపోలేదు. బర్నా బాయ్ వాళ్ల తాతగారు ఒకప్పుడు ఫేలాకు మేనేజరు. కానీ వెతికేటప్పుడు మాత్రం రెండూ వేరే దారులు.

ఆ స్నేహితుడే నాకు దారి చూపించాడు. “పాట కాదు, వాయించినవాళ్లెవరో చూడు. వాళ్లు ఇంకెవరితో వాయించారో చూడు” అన్నాడు. ఇవాళ్టికీ నేను అలాగే వెతుకుతాను.

ముందు ఇంటివాళ్ల దగ్గర మొదలుపెట్టండి. ఫేలా 1997లో పోయినప్పుడు చిన్న కొడుకు షెయున్‌కి పద్నాలుగేళ్లు. ఆ వయసులో తండ్రి బ్యాండు ఈజిప్ట్ 80ని తన చేతికి తీసుకున్నాడు. (వెతకడానికి స్పెల్లింగు ఎస్-ఈ-యు-ఎన్.) 2018లో వచ్చిన ‘బ్లాక్ టైమ్స్’ ఆల్బమ్ వినండి. వాళ్ల కచేరీ ఒకసారి లండన్‌లో చూశాను. ఎక్కడ వాయించినా నాన్న పాట ఒకటి వాయించాకే తన పాటలు ఎత్తుకుంటాడు. స్టేజీకి దగ్గరగా నిలబడ్డాను. గిటార్ వాయించే ఆయన ఒకే చిన్న ముక్కను పావుగంట సేపు మార్చకుండా, అలసిపోకుండా వాయించాడు. ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటి హార్న్స్ వచ్చి పోతున్నాయి, షెయున్ పాడుతున్నాడు, ఆపుతున్నాడు, ఆయన మాత్రం కదల్లేదు. రికార్డులో నాకు ‘ఒకటే రిపీట్ అవుతోంది’ అనిపించిన చోటే పాటంతా నిలబడి ఉందని ఆ రోజు అర్థమైంది.

పెద్ద కొడుకు ఫెమీ, ఫెమీ కొడుకు మాడే 2021లో చెరో ఆల్బమ్ చేసి ‘లెగసీ +’ పేరుతో కలిపి విడుదల చేశారు. మాడే తన ఆల్బమ్‌లో వాయిద్యాలన్నీ తానే వాయించాడు. తాత దరువు మనవడి చేతిలో ఎంత మారిందో వినాలంటే అది మంచి చోటు.

రెండో దారి డ్రమ్మర్‌ది. టోనీ అలెన్ 2020లో పారిస్‌లో పోయారు. లండన్ బ్యాండు ఎజ్రా కలెక్టివ్ డ్రమ్మర్ ఫెమీ కొలెయోషో ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. ఈ బ్యాండుకు 2023లో, బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. వీళ్లది అచ్చమైన ఆఫ్రోబీట్ కాదు, జాజ్ పాలు ఎక్కువ. కానీ హై-హ్యాట్ (డ్రమ్స్‌లో ఉండే జంట తాళాలు) మీద ఆ చెయ్యి ఎవరిదో ఫేలాని విన్న చెవికి ఇట్టే తెలిసిపోతుంది. అదే ఊళ్లో కోకోరోకో ఉంది. ట్రంపెట్ వాయించే షీలా మారిస్-గ్రే నడిపే బ్యాండు. వీళ్లది మెత్తటి దరువు. ఆవేశం కావాలనుకునే రోజున వీళ్లు సరిపోరు, వానాకాలం సాయంత్రానికి మాత్రం వీళ్లే.

న్యూయార్క్‌లో ఆంటీబాలాస్, బ్రూక్లిన్‌లో 1998 నుంచీ ఉన్నారు. ఫేలా జీవితం మీద 2009లో బ్రాడ్‌వేకి వచ్చిన మ్యూజికల్‌లో ఫేలా పాటలు వాయించింది వీళ్లే. చిలీ రాజధాని శాంటియాగోలో నెవెన్ ఆఫ్రోబీట్ ఉన్నారు. ఒక చిత్రం గమనించాను. ఆంటీబాలాస్ అంటే స్పానిష్‌లో తూటా దిగనిది, నెవెన్ అంటే చిలీ ఆదివాసులైన మపూచేల భాషలో బలం, కోకోరోకో అంటే నైజీరియాలోని ఉర్హోబో భాషలో గట్టిగా ఉండమని. సైన్యం చేతిలో దెబ్బలు తిన్న ఫేలా సంగీతాన్ని ఎత్తుకున్నవాళ్లు, ఎవరి భాషలో వాళ్లు ఇలాంటి పేర్లే పెట్టుకున్నారు. బ్రెజిల్ వాళ్లు బిషీగా 70. సావో పాలోలో తమ స్టూడియో ఉన్న పేటనీ డోర్ నంబర్నీ కలిపి పెట్టుకున్న పేరది, ఫేలా 70ల నాటి బ్యాండు ఆఫ్రికా 70కి దణ్ణం కూడా. వీళ్లవి మాటల్లేని పాటలు.

నన్నడిగితే లేగోస్‌కి చెందిన బాంటూని వదలకండి. పదమూడు మంది. బయటి దేశాల బ్యాండ్లు కొన్ని దరువు పట్టుకున్నాయి కానీ పాటలో చెప్పే సంగతి పల్చగా ఉంటుంది. ఆఫ్రోబీట్‌కి ఆ సంగతే ప్రాణమని నేను గట్టిగా నమ్ముతాను. బాంటూ 2020 ఆల్బమ్ ‘ఎవ్రీబడీ గెట్ ఎజెండా’లో ఆ ఊరి రాజకీయం, ఆ ఊరి కోపం ఉన్నాయి. ఒక పాటలో షెయున్ కూడా పాడాడు. చాలావరకు పిజిన్ ఇంగ్లిషే, అంటే అక్కడి జనం మాట్లాడే కలగలుపు ఇంగ్లిషు. సాహిత్యం పక్కన పెట్టుకుని రెండుసార్లు వింటే చెవికి అలవాటవుతుంది.

ఒక్క మాట. గొంతు ఎప్పుడొస్తుందా అని ముందుకు జరపకండి. ఏడెనిమిది నిమిషాలు వాయిద్యాలే ఉండొచ్చు. తర్వాత గాయకుడు ఒక మాట అంటాడు, బుర్రకథలో వంతల్లా వెనకున్న ఆడవాళ్లు అందుకుంటారు. మొదటిసారి ఫోన్ స్పీకర్‌లో వినొద్దు, బేస్ గిటార్ వినపడదు. ఈ రాత్రికి ‘బ్లాక్ టైమ్స్’ పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్‌లో ఆ గిటార్ ముక్క ఒక్కదాన్నే చివరిదాకా పట్టుకుని వినండి.